చచ్చిన చెయ్యి చేసే అల్లరి

నాతుంబు, కందావు దీవి
6 జనవరి 1997

ఇందుమూలంగా నాతుంబు ఊరి పెద్దలకూ, పిల్లలకూ, పందులకూ, కోళ్ళకూ, ఈగలకూ, సముద్రం మీంచి వీచే గాలికీ తెలియజేయడమేమనగా: నేటి నుంచి అపొరోసా గారి ఎడమ చేతి మీద దుప్పటి పడరాదు. ఈగ వాలరాదు. పక్కింటి పుంజు ఆయన ఎడం వైపు నిలబడి రెక్కలు విదిలించరాదు. పాస్టరు గారికి ప్రసంగంలో ఆవేశం వచ్చి చేతులు ఊపాలనిపిస్తే కుడి వైపే ఊపవలెను. ఆజ్ఞ మీరినవారికి, రెక్కలున్నా కాళ్ళున్నా, తెడ్డుతో సన్మానం జరుగును.

నెమని బావా,

పై చాటింపు చర్చి గోడకి అంటించాను. ఊరంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వనివాడు సెరు ఒక్కడే. వాడికి మెడ కింది ఎముక విరిగింది. విరగ్గొట్టింది నేనే.

జరిగింది జరిగినట్టు చెప్తాను. సెప్టెంబరులో నాకు పక్షవాతం వచ్చి ఎడమ పక్కంతా పడిపోయిందని నీకు కబురు పంపారు. నువ్వు రాలేదు, సరే. కాలు కొంచెం లేచింది, ఈడ్చుకుంటూ తిరుగుతున్నాను. మూతి మళ్ళీ ముక్కు కిందకి వచ్చింది, మీ చెల్లెల్ని తిట్టడానికి సరిపోతోంది. చెయ్యి మాత్రం బస్తాలా వేలాడుతూ ఉండిపోయింది. పోతే పోయిందిలే, యంగోనా వేరు రసం తాగే చిప్ప ఎత్తడానికి రెండోది ఉందిగా అనుకున్నాను.

నవంబరులో ఒక పొద్దున ఆ చెయ్యి నిద్ర లేచింది. కదలడానికి కాదు బావా, నన్ను చంపడానికి. భుజం దగ్గర్నుంచి గోళ్ళ దాకా ఎవరో తోలు ఒలిచి, ఆ పచ్చి మాంసానికి మిరపకాయలు నూరి పూసి, తీసుకెళ్ళి ఐసు పెట్టెలో పడేసినట్టు. మంటా చలీ రెండూ కలిసే వస్తాయి. మధ్యమధ్యలో చేపని పొడిచినట్టు ఈటె దిగుతుంది. ఎప్పుడు దిగుతుందో చెప్పదు. అప్పట్నుంచి ఒక్క రోజు సెలవు లేదు.

కొత్త సంవత్సరం నీళ్ళాట రోజు గుమ్మంలో కూచున్నాను. సెరు వెనక నుంచి వచ్చి ఏటి నీళ్ళు బక్కెట్టెడు గుమ్మరించాడు. వాడి తప్పేం లేదు. మేనత్త కొడుకు, నా మీద పొయ్యడం వాడి హక్కు. ముప్పై ఏళ్ళుగా నేను వాడి మీద పోసిన నీళ్ళకి పెద్ద పడవే మునుగుతుంది. కానీ ఆ నీళ్ళు చేతికి తగలగానే నాకు ఊరు కనపడలేదు, మనిషి కనపడలేదు. కుడి చేతికి తెడ్డు దొరికింది. రెండో దెబ్బ పడకుండా నలుగురు నన్ను కింద పడేసి మీద కూచున్నారు.

సెరు నేల మీద పొర్లుతూ ఏడుస్తూ అడిగాడు: "చచ్చిన చెయ్యికి నొప్పేంట్రా, నాటకాలోడా!"

అందరూ అదే అడుగుతున్నారు. జబ్బుకీ చావుకీ మనవాళ్ళు ఒకటే మాట పెట్టి పోయారాయె, 'మాతే' అని. రెండు మాటలు కనిపెట్టడానికి బద్ధకం. చెయ్యి మాతే అంటే ఇక అది శవమే, శవం ఏడవకూడదు. నువ్వైనా చెప్పు బావా. నువ్వు నమ్మితే ఊరు నమ్ముతుంది.

ఇట్లు,
తెడ్డు లాగేసుకోబడిన అపొరోసా


సువా
19 జనవరి 1997

ఒరేయ్ అబద్ధాల బావా,

నీ చాటింపు మా రేవులో పనివాళ్ళందరికీ చదివి వినిపించాను. బాగా నవ్వారు. ఇక విను.

ఆరేళ్ళ కిందట ఇలాగే 'అపొరోసా మాతే' అని రేడియో టెలిఫోనులో చెప్పించావు. నేను చావింటికి పెట్టే రెండు తిమింగలం పళ్ళు, ఆరు చాపలు, కిరసనాయిలు డ్రమ్ము పట్టుకుని, పన్నెండు గంటలు ఓడలో వాంతులు చేసుకుంటూ వచ్చాను. మా ఆడవాళ్ళు ఒడ్డు కనపడగానే శోకాలు మొదలెట్టారు. దిగి చూస్తే నువ్వు ఇసకలో కూచుని కర్రపెండలం తింటున్నావు. "జబ్బనే కదా చెప్పించింది, కాస్త దగ్గొచ్చింది, చావనుకున్నారా?" అని అడిగావు. చాపలు మాత్రం ఉంచేసుకున్నావు.

కాబట్టి సెప్టెంబరులో మళ్ళీ మాతే అని కబురొచ్చినప్పుడు నేను సిమెంటు బస్తాలు దింపుతున్నాను. దింపుతూనే ఉన్నాను.

పక్షవాతం నిజమేనని తర్వాత తెలిసింది. అది నా తప్పే, ఒప్పుకుంటాను. అంతమాత్రాన ఈ మంట కథ కూడా మింగమంటే మింగను. నా ఎడమ చేతి రెండు వేళ్ళు ఇనప తాడు కింద తెగి నీళ్ళలో పడ్డాయి. చేపలు తినేశాయి. కుట్లు విప్పిన మర్నాడే రేవుకి వచ్చాను. నొప్పి అని ఎవరికైనా చెప్పానా? మొగాడివేనా నువ్వు? దుప్పటి తగిలిందని ఏడ్చే మొగాణ్ణి నేను చూళ్ళేదు.

బావల మధ్య తిట్టుకోవడం ఉంది, నీళ్ళు పోసుకోవడం ఉంది. ఎముకలు విరగ్గొట్టడం లేదు. ఇంకొక్క ఎముక విరిగిందని తెలిసిందా, నీ కుడి పక్క నేనొచ్చి పడగొడతా. అప్పుడు రెండు పక్కలా సమానంగా ఉంటావు.

చెల్లి ఒక్క ముక్క రాయదేం?

నెమని


నాతుంబు
2 ఫిబ్రవరి 1997

సిమెంటు బావకి,

చాపలు ఇంకా బావున్నాయి. వాటి మీదే పడుకుంటున్నాను, కుడి వైపు తిరిగి.

ఒక వింత చెప్తాను, అర్థం నువ్వే చెప్పు. మొన్న పొయ్యి దగ్గర కూచున్నాను. మాంసం కాలే కమ్మటి వాసన వచ్చింది. ఎవరింట్లోనో పంది కాలుస్తున్నారు, ఎలా పిలిపించుకోవాలా అని ఆలోచిస్తున్నాను. తీరా చూస్తే నా ఎడమ చిటికెన వేలు నిప్పుల్లో ఉంది! బావా, నాకేం తెలీలేదు. బొబ్బ చిట్లింది, అయినా తెలీలేదు. అదే చేతికి ఆ సాయంత్రం దోమతెర అంచు తగిలింది. ఇంటి మధ్య గుంజని తలతో కొట్టాను. పైకప్పు నుంచి బల్లి రాలింది. నిప్పు తెలీదు, గుడ్డ తెలుస్తుంది. ఇలాంటి నాటకం నేను కట్టగలనా? నాకంత తెలివుంటే స్కూలు ఆరో క్లాసులో ఎందుకు మానేస్తాను?

గట్టిగా పట్టుకుంటే ఫర్వాలేదు, మెల్లిగా తాకితేనే ప్రాణం పోతుంది. ఇది తెలీక మీ చెల్లెలు కొబ్బరి నూనె వెచ్చబెట్టి మెల్లిగా, ప్రేమగా రాసింది. నేను ఆవిడ తాతల్ని వరసపెట్టి తిట్టాను. వాళ్ళు నీ తాతలు కూడా. క్షమించు.

నర్సు టోరిక తెల్ల మాత్రలిచ్చింది. అగ్గి మీద ఉమ్మేసినట్టుంది.

ఉనైసి చేతికి చేప ముల్లు దిగింది. కట్టు కట్టుకుంది, అందుకని రాయలేదు. అడిగానని చెప్పమంది.

అపొరోసా


సువా
15 ఫిబ్రవరి 1997

అపొరోసా,

బావా అని పిలవడానికి నోరు రావట్లేదు.

ఓడ సరంగు నిన్న రేవులో కనపడ్డాడు. "మీ చెల్లెలి చెయ్యి ఎలా ఉంది?" అని వాడే అడిగాడు. చేప ముల్లు కదా, తగ్గిపోయుంటుంది అన్నాను. వాడు నా మొహం వంక అదోలా చూశాడు. "పదకొండు కుట్లు పడ్డాయి నెమనీ. దీవి ఆసుపత్రికి నా పడవలోనే తీసుకెళ్ళాను. చెరుకు కత్తి" అన్నాడు.

పదకొండు కుట్లు వేయించే ముల్లు ఏ చేపకుందిరా? పేరు చెప్పు. పట్టుకొచ్చి నీ గొంతులో దించుతాను.

పాతికేళ్ళు నీ వెకిలి చేష్టలన్నీ భరించింది. నువ్వు తడిపిన బట్టలు ఆరేసింది, నువ్వు ఏడిపించిన వాళ్ళింటికెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది. పక్షవాతం వస్తే ఎత్తి కూచోబెట్టింది. దాని మీద కత్తి ఎత్తావా? ముందు సెరు, ఇప్పుడు నా చెల్లి. ఆ చేతికి నొప్పి కాదురా పట్టింది, నీకే దయ్యం పట్టింది. ఉండు, వదిలిస్తాను.

మార్చి ఒకటిన ఓడెక్కుతున్నాను. తమ్ముళ్ళిద్దరూ వస్తున్నారు. దాన్నీ దాని సామాన్లనీ తెచ్చేసుకుంటాం. తర్వాత నువ్వు క్షమాపణకి తిమింగలం పన్ను పట్టుకుని మోకాళ్ళ మీద మా గుమ్మానికి వచ్చినా తలుపు తియ్యం. వెళ్ళే ముందు ఆ చెయ్యి భుజం దాకా పీకి పందులకేస్తాను. చచ్చిన చెయ్యేగా, నీకేం తెలీదులే.

నెమని


నాతుంబు
23 ఫిబ్రవరి 1997

బావా,

పిలవొద్దన్నా పిలుస్తాను.

చెయ్యి పీకుతానన్నావు. నీకంటే ముందు నేనే ఆ పనికి పూనుకున్నాను. జరిగింది అదే.

జనవరి ఇరవై నాలుగు, మధ్యాహ్నం. మూడు రోజులుగా చల్లగాలి. అంతకుముందు ఉనైసి చేతిలోంచి దుప్పటి లాక్కుని చింపాను, కుండ పగలగొట్టాను, నా పెదవి నేనే కొరుక్కున్నాను. ఆ మధ్యాహ్నం ఈటె దిగడం మొదలై ఇక ఆగలేదు. నాకు ఒకటే ఆలోచన వచ్చింది: ఇది నాది కాదు, నా భుజానికి వేలాడుతున్న శత్రువు. కొబ్బరికాయలు కొట్టే మొద్దు దగ్గరికి వెళ్ళాను. కుడి చేత్తో ఎడమ చేతిని ఎత్తి మొద్దు మీద పెట్టాను. ఎవరో కట్టెలు కొడుతూ గట్టునే వదిలేసిన చెరుకు కత్తి తీసుకున్నాను. భయం వెయ్యలేదు. పండక్కి ముందు పంది దగ్గర నిలబడినట్టుంది, అంతే.

కత్తి దిగుతుండగా ఉనైసి అడ్డంగా పట్టుకుంది. పిడి కాదు, పదును. అప్పుడు కూడా నేను వదల్లేదు బావా. లాగాను. అదే నా తప్పు. దానికి నువ్వు ఏం చేసినా పడతాను. ముల్లు అని ఎందుకు రాశానంటే, పెళ్ళాన్ని కొట్టాడని నువ్వనుకోవడం కన్నా పిచ్చెక్కిందనుకోవడమే నాకు ఎక్కువ భయం.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆమెకి కుట్లు వేస్తూ నా వంక చూసింది. "ఈయనేంటి, పీతలా చెయ్యి పైకి పట్టుకుని కూచున్నాడు?" అంది. ఉనైసి చెప్పింది. డాక్టరమ్మ దూది తీసి నా చేతి మీద అలా రాసింది. నేను బల్ల తన్నాను. కత్తెరలూ సీసాలూ అన్నీ నేల మీద పడ్డాయి. ఆమె తిట్టలేదు. "ఇది ఉంది, దీన్ని నేను చూశాను" అంది. ఆ మాటకి నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఆమె చెప్పింది నాకర్థమైనట్టు చెప్తాను. చేతిలో తప్పేం లేదట. ఒంట్లో ఎక్కడ ఏం తగిలినా ఉత్తరం మెదడుకి వెళ్తుంది. అక్కడో పోస్టాఫీసు ఉంది. పక్షవాతం వచ్చిన రోజు ఆ పోస్టాఫీసు కాలింది. పోస్టుమాస్టరు బతికాడు కానీ పిచ్చెక్కింది. 'దుప్పటి తగిలింది' అని ఉత్తరం వస్తే 'తోలు ఒలుస్తున్నారు' అని చదువుతాడు. 'నిప్పు' అని వస్తే చింపేస్తాడు. ఏ ఉత్తరం రాకపోయినా కూచుని కేకలు పెడుతుంటాడు. పక్షవాతం తర్వాత వారాలకో నెలలకో ఇది మొదలవుతుందట. పూర్తిగా పోకపోవచ్చు, తగ్గించొచ్చు అంది. చిన్న మాత్రలిచ్చింది. అవి దిగులుకిచ్చే మాత్రలే, పిచ్చికని ఊళ్ళో పుకారు పుట్టకముందే నేనే పుట్టించాను. నోరు ఎండిపోతోంది, కోడిలా కునికిపాట్లు పడుతున్నాను, కానీ పిచ్చి పోస్టుమాస్టరు కాస్త గొంతు తగ్గించాడు.

ఇంకో సంగతి. పది రోజుల తర్వాత ఆ కత్తి మళ్ళీ నా చేతిలోకి వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. నన్ను ఆపింది ఎవరో తెలుసా? ఆసుపత్రి బెంచీ మీద నా పక్కన కూచున్న మనిషి. ఎరెమాసీ అని, రంపపు మిల్లులో పని. మూడు వేళ్ళు రంపానికి పోయాయి. నేను చెయ్యి నరుక్కోబోయానని విని నవ్వాడు. "నరికితే పోతుందా? నావి నరికి తొమ్మిదేళ్ళయింది. ఆ లేని వేళ్ళని ఇప్పటికీ ఎవరో పట్టకారుతో మెలిపెడుతున్నారు. సిగ్గేసి పెళ్ళానికి కూడా చెప్పలేదు" అన్నాడు. అది గుర్తొచ్చి కత్తి కింద పెట్టాను. మంట చేతిలో లేదు, చెయ్యి నరికి ఏం లాభం?

ఇక నువ్వు రా, కొట్టు. పడతాను.

అపొరోసా

అన్నా, ఎడమ చేత్తో రాస్తున్నా, అక్షరాలు వంకరగా ఉంటాయి. ఈయన రాసింది చదివించుకుని విన్నా. నిజమే. కత్తి నేనే పట్టుకున్నా. తమ్ముళ్ళని తీసుకొచ్చి నా ఇంట్లో గొడవ పెడితే నిన్నే కత్తితో తరుముతా, నాకింకో చెయ్యి ఉంది. వచ్చేదుంటే వంటసామాను తెచ్చుకుని ఒక్కడివే రా. ఉనైసి.


సువా
5 మార్చి 1997

బావా,

ఒకటో తారీకున సంచీ భుజానేసుకుని ఓడ దాకా వెళ్ళాను. తమ్ముళ్ళు ఎక్కేశారు. నీ ఉత్తరం అప్పటికి అయిదు సార్లు చదివాను. ఆరోసారి ఓడ మెట్ల మీద నిలబడి చదివాను. తమ్ముళ్ళని దింపేశాను. పెద్దోడు "భయపడ్డావా?" అన్నాడు. చెంప పగలగొట్టాను. పాపం, వాడి తప్పేం లేదు.

ఇది ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్తున్నాను, దీని మీద జోకు వేశావంటే సముద్రంలో ముంచుతాను.

నా రెండు వేళ్ళూ ఉన్నాయి. కనపడవు, అంతే. అవి ముడుచుకుని ఉంటాయి. గోళ్ళు అరచేతిలోకి దిగి ఉంటాయి. తెరవాలని చూస్తాను, తెరుచుకోవు. ఎప్పుడో ఒకసారి ఇనప తాడు మళ్ళీ వాటి మీంచి జరుగుతుంది, అదే తాడు, అదే చప్పుడుతో. రేవులో ఎవడితో అనగలను? లేని వేళ్ళు నొప్పంటే మర్నాటి నుంచి పనిలోకి రానిస్తారా? నాలుగేళ్ళుగా నాకే పిచ్చనుకున్నాను. అందుకే నీ మంట గురించి చదివినప్పుడు అంత కోపం వచ్చింది. నువ్వు పైకి అరుస్తున్నావు, నేను అరవలేకపోయాను.

ఆ ఎరెమాసీని చూడాలి. నెలాఖరు ఓడకి వస్తున్నాను. మంచి యంగోనా వేర్లు కట్టలుగా కొన్నాను. ఆయన ఏ ఊరు? కబురు పెట్టి మీ ఇంటికి పిలిపించు. ఒక పూట పక్కన కూచుంటే చాలు. ఏం మాట్లాడకపోయినా ఫర్వాలేదు. ఒక్కడైనా ఉన్నాడని కళ్ళతో చూడాలి.

చెల్లికి చెప్పు, వంటసామాను తెస్తున్నాను. కత్తులు దాచమను.

నెమని


నాతుంబు
16 మార్చి 1997

బావా,

ముందు కబుర్లు. సెరు ఎముక అతికింది. రోజూ పొద్దున వాడే వచ్చి, నా చేతికి భుజం నుంచి కింద దాకా పాత బనీను గుడ్డ బిగించి కడుతున్నాడు. గట్టిగా బిగిస్తే గాలి తగలదు, ఈగ వాలినా పోస్టుమాస్టరుకి ఉత్తరం అందదు. కట్టేటప్పుడు వాడు నన్ను తిట్టని తిట్టు లేదు. అది వాడి కూలి. ఎండలో కూచుంటే హాయిగా ఉంది, మబ్బు పడితే యుద్ధం. మొన్న వాన రోజు మళ్ళీ గుంజని గుద్దాను. అయితే ఈసారి ముందే ఉనైసికి చెప్పాను, "వస్తోంది, దూరంగా పో" అని. ఆమె బయటికెళ్ళి నిలబడింది. అయ్యాక లోపలికి వచ్చి "గుంజ బతికుందా?" అంది. ఇలాగే బతకాలని ఇద్దరం ఒప్పుకున్నాం. డాక్టరమ్మ మాత్ర సగం పెంచింది. ఈ నెలలో రెండు రోజులు ఆ మంటని మర్చిపోయాను కూడా.

ఉనైసి పిడికిలి ఇంకా పూర్తిగా ముడుచుకోదు. అది చూసినప్పుడల్లా నా మంట నాకు చిన్నదవుతుంది.

నీ ఉత్తరం ఆమెకి చదివి వినిపించలేదు. ఎవరికీ చెప్పలేదు. జోకు వెయ్యలేదు, చూశావుగా.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయకుండా ఉండాలని నాలుగు రోజులు చూశాను. రాస్తే, నా చేతి మంట కూడా అబద్ధమే అంటావేమోనని భయం. ఇన్నాళ్ళ నా చరిత్రకి ఆ మాటే తగును. కానీ నువ్వు కట్టలు మోసుకుని, ఒక మనిషి కోసం పన్నెండు గంటలు ఆ ఓడలో వాంతులు చేసుకుంటూ వస్తున్నావు. శవం లేని చావుకి నిన్నొకసారి రప్పించాను, మనిషి లేని ఊరికి మళ్ళీ రప్పించలేను.

ఎరెమాసీ లేడు.

రంపపు మిల్లు లేదు. ఆ బెంచీ మీద నా పక్కన కూచున్నది ఒక మేక, ఎవరిదో. డాక్టరమ్మ ఉంది, పోస్టాఫీసు నిజం, కత్తి నిజం, రెండోసారి కత్తి పట్టుకోవడం నిజం, దించెయ్యడమూ నిజం. దించేటప్పుడు గుర్తొచ్చింది మాత్రం నువ్వు.

నీ వేళ్ళు తెగిన ఏడాది నేను సువా వచ్చాను కదా. నీకు అన్నం క్యారేజీ పట్టుకుని రేవుకి వచ్చాను. పెద్ద ఇనప పెట్టెల వెనక నువ్వు ఒక్కడివే నిలబడి ఉన్నావు. ఎడమ చేతిని, ఆ వేళ్ళు లేని చోటుని, ఆ ఇనుముకేసి బాదుతున్నావు. కట్టులోంచి రక్తం కారుతోంది. నోట్లో టోపీ కుక్కుకుని ఉన్నావు, చప్పుడు బయటికి రాకుండా. నాకప్పుడు అర్థం కాలేదు. క్యారేజీ అక్కడే పెట్టి వెనక్కి వెళ్ళిపోయాను. నా జీవితంలో ఎవరినీ ఏడిపించకుండా వదిలింది ఆ ఒక్కసారే. నవంబరులో నా చెయ్యి నిద్ర లేచిన పొద్దున అర్థమైంది.

నేరుగా అడిగితే నువ్వు నా పళ్ళు రాలగొట్టేవాడివి. అందుకని నీకు ఇంకో వేలు ఎక్కువ నరికి, పేరు మార్చి, మిల్లులో పెట్టాను.

కాబట్టి నెలాఖరున పక్కన కూచోవడానికి ఉన్నది నేనొక్కణ్ణే. ఎడం వైపు మాత్రం కూచోకు. కొట్టాలనిపిస్తే కుడి చెంప ఖాళీగానే ఉంది.

అపొరోసా